మర్రిగూడలో సెలయేళ్ళు

13 జూలై 1964, సోమవారం

కాలేజీ తెరిచారు. ఫైనలియర్ బి.ఏ. వాళ్ళ జనరల్ తెలుగు ఈ ఏడాది కూడా నాకే వచ్చింది. మొదటి రోజు పాఠం చెప్పలేదు. ఒక పేజీ రాయమన్నాను. మీ ఊరికి ఆ పేరు ఎట్లా వచ్చింది? అంతే. పీరియడ్ అయిపోయేలోపు ఇవ్వాలి.

ఇది సిలబస్‌లో ఉందా సార్ అని వెనక బెంచీలో ఎవరో అడిగారు. లేదన్నాను. అయితే ఎందుకు సార్ అన్నాడు. ముందు కాగితం తీయమన్నాను.

సాయంత్రం 6

'మా గ్రామము మిక్కిలి సుందరమైనది. పచ్చని పొలములు, గలగల పారు సెలయేళ్ళు, పక్షుల కిలకిలారావములు మనస్సును రంజింపజేయును.' మొదటి కాగితం చూసి ఫరవాలేదనుకున్నాను. రెండోదీ అదే. మూడోదీ అదే. బస్టాండు దగ్గర అమ్మే గైడులోని వ్యాసం. ఊరి పేరు మాత్రం మార్చారు. కొందరు ఆ శ్రమ కూడా పడలేదు.

అమరేందర్ క్లాసులో ఫస్ట్. ముత్యాల్లాంటి దస్తూరి. వాళ్ళది మర్రిగూడ, తండ్రి పటేల్. అతని మర్రిగూడలోనూ సెలయేళ్ళు గలగల పారుతున్నాయి. నేను మర్రిగూడ చూశాను. ఎండాకాలం బావి అడుగుకు దిగి చెంబుతో నీళ్ళు ముంచుకుంటారు. ఆ నీళ్ళు తాగీ తాగీ మనుషుల ఎముకలు బిగుసుకుపోతాయి.

ఒక్క కాగితం మాత్రం దాదాపు ఖాళీగా ఉంది. పైన జానయ్య అని పేరు. కింద రెండు లైన్లు. 'సార్, మా ఊరికి గా పేరు ఎందుకొచ్చిందో నాకు ఎర్కలేదు. ఇన్నేండ్లు అడగాలని గూడ తోయలే. ఐతారం పోయి అడిగి రాసుకొస్త.'

బాలనర్సమ్మకు చదివి వినిపించాను. నా భార్య పెద్దగా చదువుకున్నది కాదు. వయోజన బడిలో అక్షరాలు నేర్చుకుంది. ఈ పిల్లగాడొక్కడే ప్రశ్న విన్నడు అంది.

14 జూలై

అమరేందర్‌ను స్టాఫ్ రూమ్‌కు పిలిచి, మర్రిగూడలో సెలయేరు ఎక్కడుంది బాబూ అని అడిగాను. మొహం ఎర్రబడింది. "గైడుల గట్లనే ఉంది సార్" అన్నాడు. మీ ఊరి సంగతి నీకు తెలుసా, గైడుకు తెలుసా అన్నాను. "మా ఊరి గురించి రాసేటందుకు ఏమున్నది సార్? నీళ్ళే లేవు" అన్నాడు.

పొగరుతో అన్న మాట కాదు. నిజంగానే అడిగాడు.

20 జూలై

జానయ్య వచ్చాడు. బక్కపలచని పిల్లవాడు. క్లాసులో గొంతు వినపడదు. హుజూర్‌నగర్ దగ్గరి పల్లె. తండ్రి బీరన్నకు గొర్ల మంద ఉంది. ఆ ఇంట్లో చదువు ఇతనితోనే మొదలు. ఇక్కడ హాస్టల్‌లో ఉంటున్నాడు.

ఊరి పేరు గురించి ముగ్గురిని అడిగాడట. వాళ్ళ అవ్వ ఒక కథ చెప్పింది. పట్వారీ ఇంకొకటి. ఊరి చివర చెప్పులు కుట్టే మైసయ్య మరొకటి. మూడూ రాసుకొచ్చాడు. తప్పులు కుప్పలు. ధ, భ లాంటి ఒత్తక్షరాలు లేవు, ళ అనే అక్షరమే లేదు. చివర మాత్రం ఇట్లా ఉంది: 'ముగ్గుర్ల ఎవ్వరు అబద్దం చెప్పలే. ముగ్గురు బతికేది ఒక్క ఊర్లనే గాని, ముగ్గురు చూసిన ఊరు ఒక్కటి గాదు.'

ఎర్ర సిరా పెన్నుకు మూత పెట్టేశాను. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు.

8 ఆగస్టు, శనివారం

శనివారం మధ్యాహ్నం క్లాసులుండవు. రాయాలని ఉన్నవాళ్ళు మా ఇంటికి రండి, మార్కులుండవు, ఇంపార్టెంట్ క్వశ్చన్స్ చెప్పను అని బోర్డు మీద రాశాను. అయినా వరండా నిండా వచ్చారు. బాలనర్సమ్మ అటుకులు కలిపి పెట్టింది. ఎంత సందడో!

వీళ్ళ వయసులో, నిజాం కాలంలో, నేను మహబూబ్‌నగర్‌లో ఉర్దూ మీడియంలో చదువుకున్నాను. తెలుగు పత్రిక ఒకటి అంగీ కింద దాచి తెచ్చేవాళ్ళం. పేజీలు విడదీసి పంచుకునేవాళ్ళం. ఒకడికి కథ మొదలు దొరికేది, ఇంకొకడికి చివర. మధ్యలో ఏం జరిగిందో మాకు మేమే కల్పించుకుని కొట్లాడుకునేవాళ్ళం. మన మాట మనం రాసుకునే రోజొకటి వస్తే పిల్లలు ఎన్నెన్ని రాస్తారో అనుకునేవాణ్ణి.

ఆ రోజు వచ్చి ఇన్నేళ్ళయింది. ఇవాళ వరండా చూస్తే నిజంగానే వచ్చిందనిపించింది.

22 ఆగస్టు

సగం మందే. ఒకరు మధ్యలో లేచి, సార్ ఇది పరీక్షల పనికొస్తదా అని అడిగి వెళ్ళిపోయారు.

5 సెప్టెంబర్

ఇద్దరు. జానయ్య, అమరేందర్. అటుకులు మిగిలిపోయాయి.

19 సెప్టెంబర్

గైడు తేవద్దన్నానని అమరేందర్ ఖాళీ కాగితం ముందు చాలాసేపు కూర్చున్నాడు. చివరికి పెన్ను కింద పెట్టేశాడు. "ఏం తోస్తలేదు సార్. లోపల ఏం లేనట్టే ఉంది" అన్నాడు. పేజీలకు పేజీలు కళ్ళు మూసుకుని అప్పజెప్పే పిల్లవాడు.

పొద్దున లేవగానే ఇంట్లో మొదట ఎవరు కనిపిస్తారో చెప్పు, చాలు అన్నాను. అమ్మ కనిపిస్తుందట. ఆమె పేరు లక్ష్మీనర్సమ్మ. ఆమెకు మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. చిన్నప్పుడు ఇతను కావాలనే వెనక నుంచి పిలిచేవాడట, ఆట అనుకుని. ఆమె తిరిగేసరికి ఇంకో పక్కకు ఉరికేవాడు. మళ్ళీ పిలిచేవాడు. ఆమె మళ్ళీ తిరిగేది. ఏనాడూ కోపం చేయలేదట.

అదే రాయి అన్నాను.

"గది గూడ రాస్తరా సార్?" అన్నాడు.

రాశాడు. అర పేజీ. చదవమంటే రెండో లైను దగ్గరే ఆగిపోయాడు. జానయ్య కాగితం తీసుకుని మెల్లగా చదివాడు. బాలనర్సమ్మ తలుపు పట్టుకుని నిలబడి విన్నది.

వెళ్ళేటప్పుడు ఆ కాగితం అడిగాను. అమరేందర్ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వద్దు సార్. మా అమ్మను నలుగురిల నిలవెట్టినట్టయితది" అన్నాడు.

26 సెప్టెంబర్

అమరేందర్ రాలేదు. సోమవారం అడగాలి.

28 సెప్టెంబర్

పరీక్షలు దగ్గరకొస్తున్నయి సార్ అన్నాడు అమరేందర్. పరీక్షలు ఏప్రిల్‌లో. మరి గైడులో వాక్యాలు రాస్తే ఎవరూ రెండో లైను దగ్గర ఆగిపోరు కదా.

2 నవంబర్

ప్రిన్సిపాల్ పిలిచారు. మంచి మనిషే. కుర్చీ వేయించి, టీ తెప్పించి, మృదువుగా చెప్పారు. రామచంద్రయ్య గారూ, మీ శనివారాలు బాగానే ఉన్నాయి, కానీ పోర్షన్ వెనకబడింది, పర్సెంటేజీ పడిపోతే పైవాళ్ళకు నేను జవాబు చెప్పాలి. నోట్స్ డిక్టేట్ చేయమన్నారు. పిల్లలు కూడా అదే అడుగుతున్నారట.

చూస్తానని చెప్పి లేచాను.

6 ఫిబ్రవరి 1965, శనివారం

ఇప్పుడు జానయ్య ఒక్కడే వస్తున్నాడు. ఒత్తక్షరాలన్నీ పడుతున్నాయి. ళ కూడా వచ్చింది. మాట మాత్రం అతనిదే. పోయిన వారం ఈనలేక చచ్చిపోయిన గొర్రె గురించి రాశాడు. వాళ్ళ నాయిన దాని చెవిలో ఏదో చెప్పాడట. ఏం చెప్పావు నాయినా అని ఇంటికొచ్చేదాకా అడిగాడట. చెప్పలేదట. అక్కడితో ఆపేశాడు. ఎంత చక్కగా ఆపాడు!

ఇవాళ పోతూ పోతూ గేటు దగ్గర ఆగాడు. "సార్, అందరు గైడు బట్టీ వడుతున్నరు. నేను గూడ వట్టాల్నా?" అన్నాడు.

వద్దన్నాను. పాఠం చదువు, పుస్తకం మూసెయ్, నీకు అర్థమైంది రాయి అన్నాను. సంతోషంగా వెళ్ళిపోయాడు.

9 ఏప్రిల్ 1965

తెలుగు పరీక్ష అయింది. జానయ్య నేరుగా ఇంటికొచ్చాడు. సిలబస్‌లోని కావ్యంలో రాజ్యం పోగొట్టుకున్న రాజు దుఃఖాన్ని వర్ణించమని ఇచ్చారట. వర్ణించాడట. చివర ఒక మాట తనది కలిపాడట. రాజు పోయిన తెల్లారి లాయంలో గుర్రాలకు మేత ఎవరు వేశారో కవి చెప్పలేదు, ఆ గుర్రాలు దారి చూస్తూ నిలబడ్డాయని ఒక్క పద్యం రాస్తే రాజు దుఃఖం ఇంకా బాగా తెలిసేది అని.

కౌగిలించుకున్నాను. ఇరవై ఏళ్ళ నా పంతులు ఉద్యోగానికి ఈ ఒక్క మాట చాలు.

17 జూన్

రిజల్ట్స్ పేపర్లో వచ్చాయి. దాదాపు అందరూ పాసయ్యారు. అమరేందర్‌కు ఫస్ట్ క్లాస్.

జానయ్య నెంబర్ లేదు. పేపర్ తిరగేసి మరగేసి చూశాను. లేదు.

21 జూన్

మార్కులు తెలిశాయి. అన్నీ పాస్. తెలుగు ఫెయిల్.

నా సబ్జెక్టు.

24 జూన్

పంచాయతీ సమితి స్కూల్లో టీచరు పోస్టుకు జానయ్యను ముందే ఎంచి పెట్టారు. డిగ్రీ పాసైతే ఆర్డర్ ఇచ్చేవాళ్ళు. ఇవాళ అది వేరే అతనికి ఇచ్చారు. జానయ్య నా దగ్గరికి రాలేదు. హాస్టల్ ఖాళీ చేసి వెళ్ళాడని చెప్పారు.

10 జూలై, శనివారం

బస్సెక్కి హుజూర్‌నగర్ వెళ్ళాను. అక్కడి నుంచి నడక. ఊళ్ళో ఇంటికి తాళం. కాలువ మీదికి పోయిన్రు అని పక్కింటివాళ్ళు చెప్పారు. సాగర్ ఎడమ కాలువ తవ్వుతున్నారు. గొర్లు మేసే బీళ్ళన్నీ కాలువకు పోయాయట. బీరన్న మంద అమ్మేశాడు. ఎండలో, ఎర్రమట్టి దుమ్ములో, పాలమూరు కూలీల వరసలో జానయ్య తట్ట మోస్తూ కనిపించాడు. నన్ను చూసి తట్ట దించాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

నేను ఏదో చెప్పబోయాను. అతనే ముందు మాట్లాడాడు. "మీరు తప్పు జెప్పలే సార్. మీకైతె నేను ఎర్క. గా దిద్దినాయనకు నేనెవలో ఎర్కలేదు గద" అన్నాడు. నన్ను ఓదారుస్తున్నాడు.

వాళ్ళమ్మ సుక్కమ్మ కూడా అక్కడే పని చేస్తోంది. నెత్తి మీద చుట్టకుదురు తీసి చేతిలో పట్టుకుని వచ్చింది. ముంతతో నీళ్ళిచ్చింది. నేను తాగేదాకా ఆగి, అప్పుడు అడిగింది. "సారూ, మా పిలగాడు మీ మాట మీదనే నడిచిండు. గిప్పుడు ఎట్ల నడవాలెనో గది గూడ మీరే చెప్పుండ్రి."

తిట్టినా బాగుండేది.

15 జూలై, హైదరాబాదు

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నాతో చదువుకున్న మిత్రుడొకడున్నాడు. రూల్ ప్రకారం పేపరు చూపించరు. అయినా తీయించి చూసి వచ్చి చెప్పాడు. జానయ్య జవాబు పక్కన 'గ్రామ్యం. అప్రస్తుతం' అని రాసి ఉందట.

దిద్దినాయన ఆ పక్క గదిలోనే ఉన్నారు. నేనే వెళ్ళి కలిశాను. పెద్దమనిషి. చెడ్డవారు కాదు. కాగితాల కట్టల మధ్య కళ్ళు నలుపుకుంటూ కూర్చున్నారు. నేను చెప్పిందంతా ఓపిగ్గా విన్నారు. "మీ అబ్బాయి తెలివైనవాడే కావచ్చునండీ. కానీ అందరూ ఇలా ఎవరికి తోచింది వాళ్ళు రాస్తే మేం ఎలా దిద్దాలో చెప్పండి?" అన్నారు. నా చేతులు పట్టుకుని మరీ అన్నారు. సప్లిమెంటరీ ఉంది కదా, పద్ధతిగా రాయించండి అని చెప్పారు.

ఆయన కూడా ఒకప్పుడు కవిత్వం రాసేవారట. లేచి వస్తుంటే చెప్పారు.

16 జూలై

బస్టాండు దగ్గర గైడు కొన్నాను.

2 ఆగస్టు

జానయ్యను మా ఇంటికి తెచ్చుకున్నాను. ముందు గదిలో ఉంటాడు. పరీక్ష అయ్యేదాకా ఇక్కడే తింటాడు. బాలనర్సమ్మ అతని అరచేతుల్లో బొబ్బలు చూసి వెన్న రాసింది. గైడు చూసి మాత్రం నా మొహం వైపు చూసింది.

18 ఆగస్టు, ఉదయం

రోజూ పొద్దున వరండాలో అప్పజెప్పించుకుంటున్నాను. నా చేతిలో గైడు. అతను గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, 'ఆ మహారాజు శోకసాగరమున మునిగినవాడై...' అని మొదలుపెడతాడు. మాట తడబడితే నేను అందిస్తాను. 'మునిగి' కాదు, 'మునిగినవాడై'. మళ్ళీ.

గొంతు కూడా అతనిది కాదనిపిస్తుంది. 

1 సెప్టెంబర్

రాయాలా వద్దా అనుకున్నాను. రాస్తున్నాను.

ఇవాళ మధ్యలో ఆగిపోయాడు. మరిచిపోయాడేమో అనుకుని అందించాను. మరిచిపోలేదు. కళ్ళలో పాత వెలుగు కనిపించింది. "సార్, గీడ రాజు ఊరి వాళ్ళందరు ఏడ్సిన్రు అని ఉంది. ఒకలు గూడ ఏడ్వనోళ్ళు ఉండరా? గాయిన చేతిల దెబ్బలు తిన్నోళ్ళు ఒక్కలన్న ఉండరా? వాళ్ళు గా దినం ఏం జేసిన్రు సార్?"

నా లోపల ఏదో లేచి నిలబడింది. అడుగు నాయినా, ఇంకా అడుగు అనాలనిపించింది. అదే సమయంలో కాలువ గట్టూ, మట్టి తట్టా, వాళ్ళమ్మ చేతిలో చుట్టకుదురూ కళ్ళ ముందుకు వచ్చాయి. ఈ ప్రశ్న పేపర్ మీద పడిందంటే మళ్ళీ ఆ తట్టే.

"అడగకు. బట్టీ పట్టు" అన్నాను.

గట్టిగానే అన్నట్టున్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. జానయ్య నా వైపు ఒక్క క్షణం చూశాడు. సరే సార్ అన్నాడు. తలవంచుకుని మొదటి నుంచి అందుకున్నాడు. ఈసారి ఒక్క మాట కూడా తప్పలేదు.

బాలనర్సమ్మ నాతో మాట్లాడటం లేదు.

12 సెప్టెంబర్

యుద్ధం. ఊరంతా రేడియోల దగ్గరే ఉంది. నిరుడైతే జానయ్య వంద ప్రశ్నలు వేసేవాడు. కిటికీ మూసుకుని చదువుకుంటున్నాడు. ఆ రోజు నుంచి నన్ను ఏమీ అడగలేదు. ఒక్కటీ అడగలేదు. అన్నం కావాలా అంటే చాలంటాడు.

21 అక్టోబర్

పరీక్ష బాగా రాశాడట. ఏ ప్రశ్న వచ్చింది అన్నాను. "గైడుల ఉన్నదే సార్" అన్నాడు. ఏం రాశావు అని అడగలేదు. నాకు తెలుసు.

20 డిసెంబర్

జానయ్య పాస్. తెలుగులో సెంటర్ మొత్తానికి అతనిదే ఎక్కువ మార్కు. ప్రిన్సిపాల్ స్టాఫ్ రూమ్‌కు వచ్చి అందరి ముందూ నాకు చెయ్యి కలిపారు.

ఇంటికొచ్చి చెప్తే బాలనర్సమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఎందుకని అడిగాను. "పిలగాడు గట్టెక్కిండని దీపం వెట్టిన. ఏడ్పు వేరే" అంది.

28 ఆగస్టు 1966, ఆదివారం

జానయ్య వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ. కొంచెం ఒళ్ళు చేశాడు. జనవరి నుంచి ఇంకో సమితి స్కూల్లో టీచరు. అమ్మానాయినలను కాలువ పని మాన్పించి దగ్గరికి తెచ్చుకున్నాడు. బాలనర్సమ్మకు నేత చీర తెచ్చాడు. ఇద్దరి కాళ్ళకూ మొక్కాడు. అతణ్ణి ఆ బట్టల్లో చూసి నా కళ్ళు చెమర్చాయి. అబద్ధం ఎందుకు రాయాలి, సంతోషమే.

"గప్పుడు మీరు దగ్గర కూసోవెట్టుకొని గైడు అప్పజెప్పిచ్చుకోకుంటె నేనియ్యాల గూడ తట్టలే మోస్తుంటి సార్. ఏడ వోయినా గదే చెప్త. మా సారు నాకు బతుకు నేర్పిండు అని చెప్త."

శనివారాల గురించి నేను ఎత్తలేదు. బాలనర్సమ్మే అడిగింది, ఇప్పుడేమన్నా రాస్తున్నవా నాయినా అని. నవ్వాడు. "గవన్నీ పిలగాండ్లప్పటి ముచ్చట్లమ్మా. గిప్పుడేం రాయాలె? ఏమన్న కావాలెనంటె చెప్పుండ్రి సార్, రాసిస్త."

మర్యాదగానే అన్నాడు. నన్ను కష్టపెట్టాలని కాదు.

వాళ్ళ స్కూల్లో పిల్లలకు పాఠాలన్నీ నోటికి వచ్చాయట. ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్నాడట. ఎక్కడ ఆపి అడిగినా అక్కడి నుంచి అందుకుంటారట. మధ్యలో ఎవరైనా వేరే సంగతి అడిగితే ఏం చేస్తావు అన్నాను.

"ఎవ్వరు అడగరు సార్" అన్నాడు. గర్వంగా.

29 ఆగస్టు 1966

క్లాసులో మొదటిసారి నోట్స్ డిక్టేట్ చేశాను. అందరి పెన్నులూ ఒక్కసారే కదిలాయి. వెనక బెంచీ వాళ్ళవి కూడా. గంట కొట్టాక ఒకతను వచ్చి, రోజు గిట్లనే చెప్పుండ్రి సార్, మంచిగున్నది అన్నాడు.

సరే అన్నాను.